చీటీ లేని సరుకు: రైలు చట్టం, పటాన్‌చెరు హమాలీ

మా ఇంట్లో రైలెక్కిన మొదటి మనిషిని నేనే. ఎం.ఏ.లో సీటు వచ్చినాక లింగంపల్లి స్టేషన్‌లో తొలిసారి టిక్కెట్టు కొన్నాను. మా జిల్లా కేంద్రం సంగారెడ్డికి అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు. రైలు ప్రయాణం కొత్త కాబట్టి ఎక్కడ ఏం తప్పు చేస్తానో, ఎవరు ఆపి అడుగుతారో అన్న భయంతో రైల్వే వాళ్ల సామాను నిబంధనలు మొత్తం చదివాను. మొదటి తరం చదువుకున్న వాళ్లకు ఈ భయం నేను వివరించనక్కర్లేదు. ఏ గేటు దగ్గరికి పోయినా కాగితం ముందే చదువుకుని పోవడం మనకు అలవాటు.

రైల్లో తీసుకుపోకూడని సామాన్ల జాబితా ఒకటి అందులో ఉంది. స్టవ్వు, గ్యాస్ సిలిండరు, అంటుకునే రసాయనాలు, పటాకులు, ఆసిడ్, వాసన కొట్టే వస్తువులు, తోలు, పచ్చి తోళ్లు. ఆసిడ్‌కు కాస్త దూరంలోనే పచ్చి తోలు. మా తాత తోలు పని చేసినవాడు. మా నాయన పటాన్‌చెరు కంపెనీల్లో ఆసిడ్ డ్రమ్ములు దించినవాడు. రెండు తరాల మా ఇంటి పని ఒక్క జాబితాలో దొరికింది. నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనే ఈ వ్యాసం.

ప్రమాదకరమైన సరుకును ఎట్లా మోయాలి అన్నది ఇంజనీర్లు తేల్చుకునే సంగతి అనుకుంటాం. అది సగం మాత్రమే నిజం. ఆ సరుకు ఏమిటో మోసేవాడికి ఎవరు చెప్పాలి, తెలుసుకున్నాక 'నేను మొయ్యను' అనే హక్కు అతనికి ఉందా లేదా అన్నవి చరిత్ర తేల్చిన సంగతులు. రైలు పట్టాల మీద ఆ ప్రశ్నలకు నూరేళ్ల కిందే ఒక జవాబు రాసుకున్నారు. పట్టాలకు కొద్ది దూరంలో ఉన్న పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో ఆ జవాబు ఎందుకు చెల్లలేదో చూద్దాం.

చట్టం ఏమంటుంది?

ఇంగ్లీషు పాలనలో 1884లో పేలుడు పదార్థాల చట్టం వచ్చింది. 1890లో రైల్వే చట్టం వచ్చింది. దాని 59వ సెక్షన్ 'ప్రమాదకరమైన లేదా అసహ్యకరమైన' సరుకుల గురించి మాట్లాడుతుంది. 1947 తర్వాత 42 ఏళ్లకు, 1989లో, మన పార్లమెంటు కొత్త రైల్వే చట్టం చేసింది. పాత మాటల జంట విడిపోకుండా కొత్త చట్టం 67వ సెక్షన్‌లోకి వచ్చి కూర్చుంది. ప్రాణం తీసే సరుకునూ, ముక్కు మూసుకునే సరుకునూ ఒకే గాటన కట్టే ఈ చూపు ఎవరిది? పచ్చి తోలు పేలుడు పదార్థం కాదు. దాన్ని శుభ్రం చేసినవాణ్ణి మాత్రం ఊరు ఆవల నిలబెట్టింది.

అయినా ఈ సెక్షన్‌ను జాగ్రత్తగా చదవాలి. అందులో మనకు పనికొచ్చేవి మూడున్నాయి. మొదటిది, ప్రమాదకరమైన సరుకు రైల్లో వేసేవాడు దాని స్వభావం ఏమిటో రైల్వే ఉద్యోగికి ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. రెండోది, పెట్టె మీద, పీపా మీద ఆ సంగతి పైకి కనబడేట్టు రాయాలి. మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది: అనుమానం వస్తే రైల్వే ఉద్యోగి ఆ మూట విప్పించి చూడొచ్చు, తీసుకోనని చెప్పొచ్చు, దారి మధ్యలోనైనా ఆపి దింపించొచ్చు. చెప్పకుండా దాచి పంపితే 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. జరిగిన నష్టం కూడా దాచినవాడి నెత్తినే పడుతుంది.

చట్టం కింద రైల్వే వాళ్లకు ఒక పెద్ద నిబంధనల పుస్తకం ఉంది. రెడ్ టారిఫ్ అంటారు. ప్రమాదకరమైన సరుకును అది 8 తరగతులుగా విడగొట్టింది: పేలుడు పదార్థాలు, ఒత్తిడిలో నింపిన వాయువులు, పెట్రోలు వంటి మండే ద్రవాలు, మండే ఘన పదార్థాలు, ఆక్సీకరణ పదార్థాలు, విషాలు, రేడియోధార్మిక పదార్థాలు, ఆసిడ్‌లు. ఏది దేనితో కలిపి పెట్టొద్దు, ఏ మూత వేయాలి, ఏ చీటీ అతికించాలి అన్నీ అందులో ఉంటాయి. పెట్రోలు ట్యాంకు పెట్టెకూ ఇంజనుకూ మధ్య కాపు పెట్టె ఉండాలంటారు. అట్లాంటి పెట్టెను షంటింగ్‌లో నెట్టి వదిలెయ్యకూడదంటారు. మరమ్మతు కోసం ఖాళీ ట్యాంకులోకి మనిషి దిగాలంటే ముందు ఆవిరి పట్టి లోపలి గ్యాసును వెళ్లగొట్టాలి.

పెట్టుబడి, సామ్రాజ్యం తమ ఆస్తిని కాపాడుకోవడానికే ఇదంతా రాసుకున్నాయి, కూలీ మీద ప్రేమతో కాదు. వంతెన కూలితే, స్టేషన్ కాలితే నష్టం వాళ్లది. ఐనా దీని సారం గొప్పది. సరుకు గురించి చెప్పాల్సిన బాధ్యత సరుకు యజమానిది. అడిగి తెలుసుకోవాల్సిన బాధ్యత మోసేవాడిది కాదు. తెలియని సరుకును కాదనే హక్కు, పట్టాల మీద, మోసేవాడి పక్షాన ఉంది.

మరి రైలులో కులం లేదా?

రైలును పొగడటానికి ఇది రాయడం లేదు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జి.ఐ.పి. రైల్వేలో పనిచేసే అణగారిన కులాల కార్మికుల మహాసభ జరిగింది. కార్మికులకు ఇద్దరు శత్రువులున్నారు, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం అని అంబేడ్కర్ చెప్పింది అక్కడే. అదే ఉపన్యాసంలో ఆయన ఇంకొక సంగతి చెప్పాడు. అంటరానివాళ్లు రైల్వేలో గ్యాంగ్‌మన్‌లుగానే పుట్టి గ్యాంగ్‌మన్‌లుగానే చస్తున్నారు, వాళ్లకు పోర్టరు ఉద్యోగం కూడా ఇవ్వరు. ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో పని కూడా చెయ్యాలి, అంటరానివాణ్ణి ఇంట్లోకి రానివ్వరు. అంటే ఏ మూట ఎవడు ముట్టాలో కంపెనీ రూలు కన్నా ముందు కులం రూలు నిర్ణయించింది.

పీపాకు చీటీ అతికించిన రైల్వే, పట్టాల మీద మలాన్ని ఎత్తే మనిషి చేతికి ఏ చీటీ అతికించింది? 2014 మార్చి 27న సుప్రీంకోర్టు సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో తీర్పు చెప్తూ, పట్టాల మీద ఈ పని అంతం చెయ్యడానికి గడువు పెట్టుకుని ప్రణాళిక వేసుకోమని రైల్వేకి చెప్పాల్సి వచ్చింది. ప్రమాదకరమైన సరుకును 8 తరగతులుగా విడగొట్టినవాళ్లకు, మనిషి మలం మనిషి ఎత్తడం ప్రమాదమని ఒక తరగతిలో రాసుకోవడానికి నూరేళ్లు చాలలేదు.

మన దగ్గర నిజాం కాలంలో మోత పని పేరు వెట్టి. దౌరా వచ్చిన అధికారి సామాను ఈ ఊరి నుంచి ఆ ఊరికి మాల మాదిగలు మోయాలి. మూటలో ఏముందని అడగడానికి వెట్టివాడికి నోరు లేదు. వద్దనే హక్కు లేకపోవడమే వెట్టి. కూలి ఇవ్వకపోవడం ఆ తర్వాతి సంగతి. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930లో జోగిపేటలో జరిగింది, అది ఇప్పటి మా సంగారెడ్డి జిల్లాలోనిదే. తర్వాతి ఏళ్లలో ఆ సభల్లో వెట్టి రద్దు పెద్ద కోరిక అయింది. వెట్టి అన్న మాట పోయింది. అడగకుండా మోసే అలవాటు పోయిందా?

పట్టాలు పక్కన పోయిన ఊరు

వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు 1874లో వచ్చింది. అది వికారాబాద్, శంకర్‌పల్లి, నాగులపల్లి, లింగంపల్లి మీదుగా పోతుంది. పటాన్‌చెరు, సంగారెడ్డి దానికి ఉత్తరాన మిగిలిపోయాయి. 1930లో వికారాబాద్ నుంచి బీదర్‌కు వేసిన పట్టాలు జహీరాబాద్‌ను తాకాయి, సంగారెడ్డిని తాకలేదు. 2019లో తెల్లాపూర్ నుంచి రామచంద్రాపురానికి ఎం.ఎం.టి.ఎస్. రైలు వచ్చింది, అది మనుషుల కోసం.

1970లలో పటాన్‌చెరులో పారిశ్రామిక వాడ వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచింది. వెనకబడిన జిల్లా పేరు మీద వచ్చిన రాయితీలతో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం చుట్టూ మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు, పురుగు మందుల కంపెనీలు లేచాయి. వాటికి కావలసిన టోలీన్, మిథనాల్, ఆసిడ్‌లు, సాల్వెంట్‌లు అన్నీ రోడ్డు మీదనే వచ్చాయి. మా వాళ్లు బొంబాయి రోడ్డు అంటారు. అప్పుడది 9వ నెంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. సరుకు పట్టాల మీద రాలేదు కనక పట్టాల మీది చట్టం కూడా రాలేదు. కంపెనీ గేటు ముందు స్టేషన్ మాస్టరు ఉండడు. గుత్తేదారు ఉంటాడు, మేస్త్రీ ఉంటాడు, హమాలీ ఉంటాడు.

రోడ్డుకు చట్టం లేదా అంటే ఉంది. అదీ 1989లోనే వచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ప్రమాదకరమైన సరుకు మోసే బండి మీద ఒక పలక ఉండాలి. దాని మీద సరుకు అసలు పేరు 50 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాల్లో రాయాలి. 250 మిల్లీమీటర్ల చదరపు గుర్తు ఉండాలి. ఐక్యరాజ్యసమితి అంకె, ఫోన్ నెంబరు ఉండాలి. ఈ అంకెల పద్ధతి 1956లో ఐక్యరాజ్యసమితి మొదటిసారి వేసిన సిఫారసుల పుస్తకం నుంచి పెరిగింది. విద్యార్థి మిత్రులు ముత్తంగి దగ్గర నిలబడి పోయే ట్యాంకర్లను చూడండి. 1230 అని ఉంటే మిథనాల్. 1294 అంటే టోలీన్. 1830 అంటే గంధకామ్లం. 1005 అంటే అమ్మోనియా. ఈ నాలుగంకెలు నేర్చుకోవడానికి యూనివర్సిటీ అవసరం లేదు, గోడ మీద రాస్తే చాలు.

బండి నడిపేవాడు మూడు రోజుల శిక్షణ పొందాలి, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఒక భాషతో పాటు ఇంగ్లీషు చదవడం రాయడం రావాలి అని అవే నిబంధనలు చెప్తాయి. చీటీ ఏ భాషలో ఉంటుందో దీన్ని బట్టే తెలుస్తుంది. చీటీని మనిషి భాషలోకి తేవడానికి బదులు మనిషినే చీటీ భాషలోకి రమ్మన్నారు. పోనీ డ్రైవరు వచ్చాడనుకుందాం. క్లీనరు సంగతి? గేటు లోపల డ్రమ్ములు దించే హమాలీ సంగతి? వాళ్లకు ఆ శిక్షణ లేదు. డ్రమ్మును ఒంటికి ఆనించుకునేది వాళ్లే.

'దించుమన్నరు, దించినం'

నేను పరిశోధనలో చేరినాక మా నాయనను మొదటిసారి అడిగాను, ఆ డ్రమ్ముల్లో ఏముండేది నాయనా అని. ఆయన ఆలోచించి చెప్పిన మాట ఇది: "ఏముండెనో ఎర్కలే బిడ్డా. దించుమన్నరు, దించినం. నల్ల మూతది పడితే కాలుతదని ముందటోళ్లు చెప్పిండ్రు. తెల్ల మూతది వాసన చూడొద్దని చెప్పిండ్రు." ఇదే ఆయనకు అందిన రెడ్ టారిఫ్. రాసింది కాదు, కాలినవాళ్లు చెప్పింది. ఆయన కుడి భుజం మీద చెయ్యంత మచ్చ ఉంది. ఒక డ్రమ్ము మూత సరిగా బిగించక జారింది. ఆ రోజు కూలి ఇచ్చారు, మరుసటి రోజు రావద్దన్నారు. డ్రమ్ములో ఉన్నదేమిటో ఆస్పత్రిలో చెప్పాలని అడిగితే గేటు కాడి మనిషి రోడ్డు వైపు చూపించాడట. ఏ ఆసిడో తెలియకుండానే కట్టు కట్టారు.

రైల్వే చట్టం 67వ సెక్షన్‌ను మా నాయనకు తెలుగులో చదివి వినిపించాను. మూట విప్పించి చూడొచ్చు, వద్దనొచ్చు అన్న దగ్గర ఆపమన్నాడు. "వద్దంటే మల్ల పని ఇస్తరా?" అని అడిగాడు. చట్టంలో జవాబు లేదు. రైల్వే ఉద్యోగి వద్దనగలడు, ఎందుకంటే రేపు కూడా అతను ఉద్యోగే. రోజు కూలి హమాలీకి వద్దనడమంటే ఆ పూట పస్తు. గూడ్స్ షెడ్లో మూటలు మోసే కంట్రాక్టు హమాలీకి కూడా ఇదే పరిస్థితి, అతను రైల్వే ఉద్యోగి కాడు కాబట్టి ఆ హక్కు ప్లాట్‌ఫారం అంచు దగ్గరే ఆగిపోతుంది. హక్కు కాగితం మీద ఉండటం ఒకటి, దాన్ని వాడుకునే స్థితి ఉండటం ఇంకొకటి. ఆ స్థితిని మన దేశంలో కులం, కంట్రాక్టు కలిసి నిర్ణయిస్తాయి.

ట్యాంకర్లు కడిగేవాళ్ల సంగతి ఇంకా కష్టం. సల్ఫైడు ఉన్న వ్యర్థం మోసిన ట్యాంకరులో ఆసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొంచెముంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి అక్కడే కూలిపోతాడు. వాణ్ణి తీయడానికి రెండోవాడు దిగుతాడు, అతనూ లేవడు. మ్యాన్‌హోల్ చావుల్లో మనం చూస్తున్నదే ఇక్కడా జరిగేది. రైలు పెట్టెకు ఆవిరి పట్టే పద్ధతి ఉంది. రోడ్డు పక్క ట్యాంకరుకు బకెట్టు, చీపురు, ఒక కుర్రవాడు.

ఖాళీ డ్రమ్ములు కూడా మా ఇళ్లకే వచ్చాయి. రోడ్డు పక్క పాత సామాను దుకాణాల్లో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి. మా వాకిట్లో ఒకటుండేది. చీటీ గీకేసి అమ్మారు, జిగురు మరక మిగిలింది. ట్యాంకరు నీళ్లు అందులోనే పట్టుకున్నాం, అందులోనే ముంచుకుని తాగాం. నీళ్ల ట్యాంకరు ఎందుకొచ్చింది? వాగు నీళ్లు పనికిరాకుండా పోయాయి కాబట్టి.

వాగుకూ చీటీ లేదు

కంపెనీల నుంచి బయటికి పోయే సరుకును కూడా ఎవరో మొయ్యాలి గదా. చాలా ఏళ్లు దాన్ని నక్కవాగు మోసింది. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. కూలి అడగని, చీటీ అడగని హమాలీ అది. 1980లలోనే పంటలు ఎర్రబారడం, బావుల నీళ్లు రంగు మారడం మొదలైంది. రైతులు రోడ్డెక్కారు. పటాన్‌చెరు డాక్టరు ఎ. కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి నిలబడి పోరాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో వేసిన 1056వ నెంబరు రిట్ పిటిషన్ ఈ వాడ గురించే. పంట నష్టానికి పరిహారం ఇప్పించిన పోరాటమది, దాన్ని తక్కువ చెయ్యను. కాని ఒక మాట అడగాలి. పరిహారం ఎకరాల లెక్కన కట్టినప్పుడు ఎకరం లేనివాడు లెక్కలోకి ఎట్లా వస్తాడు? పంట పోతే పట్టేదారుకు పంట పోయింది. కూలికి పని పోయింది, వాగులో చేప పోయింది, పశువుకు నీళ్లు పోయాయి. వీటికి పహాణీలో కాలమ్ లేదు.

1990లలో కంపెనీల మురికిని ఒకచోట శుద్ధి చెయ్యడానికి పటాన్‌చెరు ఎన్విరోటెక్ వచ్చింది. మురికి మళ్లీ ట్యాంకర్లెక్కి అక్కడికి చేరింది. దాదాపు 90 మందుల కంపెనీల మురికి తీసుకునే ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రచురించింది. శుద్ధి అయినాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. కొన్ని రకాల సూక్ష్మజీవులను చంపే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైన. అంటే మందు షాపులో డాక్టరు చీటీ ఉంటే గాని ఇవ్వకూడని మందు, వాగుకు చీటీ లేకుండా పోస్తున్నారు.

వ్యర్థాల రవాణాకూ నిబంధనలున్నాయి. అవి కూడా 1989లో మొదలై, మారుతూ 2016 రూపానికి వచ్చాయి. దాని ప్రకారం ప్రతి బండికీ ఏడు రంగుల ప్రతుల పత్రం ఉండాలి: తెలుపు, పసుపు, గులాబి, నారింజ, ఆకుపచ్చ, నీలం, బూడిద. పంపినవాడికి, మోసినవాడికి, తీసుకున్నవాడికి, కాలుష్య మండలికి పంపకాలున్నాయి. బండి పోయే దారిలోని ఊరికి మాత్రం ఏ రంగు ప్రతీ లేదు. ఏడు ప్రతుల్లో ఒక్కటి కూడా పంచాయతీ ఆఫీసు గోడ దాకా రాదు.

1989 గురించి ఇంకో మాట. కారంచేడు 1985లో జరిగింది. ఆ తర్వాతి పోరాటాల వేడిలో 1989లోనే షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దాని 3వ సెక్షన్ తొలి రూపంలో రెండు నేరాలున్నాయి. దళితుల ఇళ్ల దగ్గర, వాడ దగ్గర బాధించాలని మలం, చెత్త, కళేబరాలు, మరే రోత పదార్థమైనా పారబోయడం. దళితులు మామూలుగా వాడుకునే నీళ్లను పనికిరాకుండా పాడుచెయ్యడం. ఒకే సంవత్సరం చట్టాలివన్నీ. రైల్వే చట్టం అసహ్యకరమైన సరుకు అన్నది, ఈ చట్టం రోత పదార్థం అన్నది. మొదటిది మన తోలును చూసి అన్నది. రెండోది మన మీద పోసినదాన్ని చూసి అన్నది. వాగు చెడిపోవడం కాలుష్య మండలి ఫైలులో నమోదవుతుంది. అదే నీళ్లు వాడే వాడకు జరిగిన అత్యాచారంగా దాన్ని చదవొచ్చునా అన్న ప్రశ్నను మన లాయర్లు, విద్యార్థులు తీసుకోవాలి.

చెప్పకపోతే ఏమవుతుంది?

1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్ స్టేషన్‌లో డిప్యూటీ సూపరింటెండెంట్ గులాం దస్తగీర్ డ్యూటీలో ఉన్నాడు. గాలిలో ఏదో ఉందని గొంతు మండినప్పుడు గాని తెలియలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ రైలును పైవాళ్ల అనుమతి కోసం చూడకుండా ముందే పంపేశాడు, వచ్చే రైళ్లను ఆపించాడు. ఎందరో బతికారు. స్టేషన్‌లో పనిచేసే రైల్వే ఉద్యోగులు పలువురు చనిపోయారు. ఒక్క పీపా ఆసిడ్ రైలెక్కించాలంటే స్టేషన్ మాస్టరుకు రాసివ్వాల్సిన దేశంలో, ఊరి మధ్య టన్నుల కొద్దీ మిథైల్ ఐసోసైనేట్ నిలవ చేసిన కంపెనీ ఆ స్టేషన్‌కు ఒక్క ముక్క చెప్పలేదు. నలభై ఏళ్లకు, 2025 జనవరిలో, అదే కంపెనీ ఆవరణలోని 337 టన్నుల వ్యర్థాన్ని 12 మూసిన కంటెయినర్లలో పోలీసు కాపలాతో పీథంపూర్ తరలించారు. వ్యర్థానికి దొరికిన జాగ్రత్త ఆ రాత్రి మనుషులకు దొరకలేదు.

పట్టాల మీద చట్టముంటే చాలా? అదీ కాదు. 2013 జూలై 6న కెనడాలో లాక్ మెగాంటిక్ అనే చిన్న పట్టణంలో ముడి చమురు రైలు పట్టాలు తప్పి పేలింది, 47 మంది చనిపోయారు. తమ ఇళ్ల పక్కనుంచి ఏం పోతున్నదో చెప్పమని అక్కడి పట్టణాలు గట్టిగా అడిగాయి. అదే ఏడు నవంబర్లో, ప్రమాదకరమైన సరుకుల వివరాలను మునిసిపాలిటీలకు ఇవ్వాలని ప్రభుత్వం రైలు కంపెనీలను ఆదేశించింది. మోసేవాడికే కాదు, దారిలో బతికేవాడికి కూడా చెప్పాలన్నది ఆ చావులు నేర్పిన పాఠం.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచి కంపెనీ పేలింది. మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే కంపెనీ. ఆ పొడి విషం కాదు, దాన్ని మనం మందుతో పాటు మింగుతాం. కాని ఏ సన్నని పొడైనా మూసిన చోట గాలిలో కమ్ముకుని నిప్పు తగిలితే బాంబులాగా పేలగలదు. 50 మందికి పైగా పోయారు. అందులో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు చాలామంది. లోపల ఎందరున్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది. గుర్తు పట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యాల్సి వచ్చింది, కొందరి ఆనవాళ్లే దొరకలేదు. సరుకుకు బస్తాల లెక్క ఉంటుంది, బిల్లు ఉంటుంది. మనుషుల లెక్క కోసం తల్లులు గేటు ముందు నిలబడ్డారు.

మా నాయన తరంలో డ్రమ్ము దించినవాడు మాదిగగూడెం వాడు. ఇవాళ దించేవాడు దూరపు రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రవాడు, అతని కులం ఇక్కడ ఎవరూ అడగరు, పేరు కూడా అడగరు. మనవాళ్లు ఆ పని తప్పించుకున్నారని సంతోషిద్దామా? మనుషులు మారారు, పద్ధతి మారలేదు. వెట్టి నుంచి గుత్తకు వచ్చాం.

ఏం అడగాలి?

ప్రమాదకరమైన రవాణా అంటే కొత్త యంత్రాలు అడగడమని అనుకోవద్దు. పాత చట్టంలోని మూడు ముక్కలను పట్టాల మీది నుంచి గేటు లోపలికి తేవడమే మన కోరిక. సరుకేమిటో దించే ముందు చెప్పాలి, మోసేవాడి భాషలో చెప్పాలి. ఇవాళ ఆ భాష తెలుగు, హిందీ, ఒడియా. రెండోది, బండి పత్రంలో ఒక ప్రతి పంచాయతీకి, మునిసిపాలిటీకి రావాలి, ఆస్పత్రికి చేరాలి. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన సవరణ కూడా కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికి సైతం ప్రమాదం గురించి చెప్పాలన్నది. కాబట్టి ఇది గొంతెమ్మ కోరిక కాదు. మూడోది, తెలియని సరుకును దించనన్నవాడికి ఆ రోజు కూలి పోకూడదు, మర్నాడు పని పోకూడదు. మూడోది లేకపోతే మొదటి రెండూ గోడ మీద కాగితాలే.

మొన్న ఇంటికి పోయినప్పుడు ఆ నీలం డ్రమ్మును ఎండలో తిప్పి చూశాను. జిగురు మరక కింద రెండు అంకెలు మిగిలి ఉన్నాయి, 1, 2. ముందో వెనకో ఇంకో రెండు ఉండాలి. 1230 కావచ్చు, 1294 కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. మా అవ్వ వచ్చి, "ఏం చూస్తున్నవ్ బిడ్డా?" అన్నది. ఇరవై ఏళ్లు ఏ నీళ్లు తాగామో చూస్తున్నానని చెప్పలేకపోయాను. డ్రమ్ము మాత్రం వాకిట్లోంచి తీయించాను.